రోజుకు ఒక శాతం అంటే ఎన్ని రూపాయల వడ్డీ?



మన ఇళ్లలో డబ్బు లెక్క తెలియని పెద్దవాళ్లు తక్కువ. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు రూపాయలని, ఏడాదికి ఇరవై నాలుగని కాగితం, కలం లేకుండానే చెప్పేస్తారు. చీటీ ఎంతకు పాడుకుంటే చేతికి ఎంత వస్తుందో, నగ చేయిస్తే తరుగు, మజూరీ కింద ఎంత పోతుందో వాళ్లకు నోటి లెక్కే. అదే పెద్దవాళ్లు టోకెన్, వాలెట్, స్టేకింగ్ అనే మాటలు వినగానే ‘ఇవన్నీ ఈ కాలం పిల్లలకే తెలుసు’ అని పక్కకు తప్పుకుంటారు. మాట అర్థం కాకపోతే ప్రశ్న పుట్టదు. ప్రశ్న పుట్టని ఇంట్లోకి మోసగాడు తేలిగ్గా వచ్చేస్తాడు.

నేను బ్యాంకులో పనిచేస్తాను. మా అబ్బాయి మన స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. క్రిప్టో కొనమనో, మానమనో మీకు చెప్పడం నా ఉద్దేశం కాదు. పిల్లలు ఫోన్‌లో చూసి ఇంటికి తెచ్చే ఈ కొత్త పదాలను మనకు ఎప్పటినుంచో తెలిసిన లెక్కల్లోకి ఎలా మార్చుకోవచ్చో చెబుతాను.

నానమ్మ అడిగిన ప్రశ్న

మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. చదువు ఐదో తరగతితో ఆగింది. ఒకరోజు మావాడు ఏదో వీడియో చూసి, ‘నానమ్మా, కాయిన్లు స్టేకింగ్‌లో పెడితే రోజుకు ఒక శాతం గ్యారంటీగా ఇస్తారంట’ అన్నాడు. స్టేకింగ్ అంటే ఏమిటని ఆవిడ అడగలేదు. ‘రోజుకు ఒకటంటే నెలకు నూటికి ముప్పై. ముప్పై రూపాయల వడ్డీ ఎవడిస్తాడ్రా? ఇచ్చేవాడు ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తాడు?’ అన్నారు.

ఈ వ్యాసంలో మీకు ఒక్క విషయమే గుర్తుండాలంటే అది ఇదే కావాలి. ఎవరు ఏ రాబడి చెప్పినా దాన్ని ముందు ‘రూపాయల వడ్డీ’లోకి మార్చండి. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడాదికి ఆరు శాతం వస్తే అది అర్ధరూపాయి వడ్డీ. ఎవరైనా ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని తెలిస్తే, పాపం ఎంత ఇబ్బందిలో ఉన్నారో అనుకుంటాం. అలాంటిది ముప్పై రూపాయలు! వచ్చిన వడ్డీని తిరిగి అందులోనే పెడుతూ పోతే, రోజుకు ఒక శాతం చొప్పున లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి దాదాపు 37 లక్షల 78 వేలు కావాలి. ఆ కిటుకు నిజంగా చేతిలో ఉన్నవాడు అప్పు చేసైనా తన డబ్బే పెట్టుకుంటాడు. మన పదివేల కోసం వాట్సాప్ గ్రూపులు నడపడు.

స్టేకింగ్ అనే మాటకు అసలు అర్థం ఒకటుంది. ఎథీరియం లాంటి కొన్ని నెట్‌వర్కుల్లో లావాదేవీలను సరిచూసే పనికి హామీగా తమ కాయిన్లను కదలకుండా ఉంచేవారికి నెట్‌వర్కు కొంత ప్రతిఫలం ఇస్తుంది. అది ఏడాదికి కొద్ది శాతమే, అదీ కాయిన్ల రూపంలోనే. ఈలోగా కాయిన్ ధర సగానికి పడితే ఆ ప్రతిఫలం ఏ మూలకూ చాలదు. రోజుకు ఇంత అని గ్యారంటీ ఇచ్చేది మాత్రం దాదాపుగా మనకు తెలిసిన పాత గొలుసుకట్టు పథకమే. కొత్తగా చేరినవాడి అసలును పాతవాడికి వడ్డీగా పంచుతారు. కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున అంతా ఆగిపోతుంది. వన్‌కాయిన్ అనే పేరుతో ఇలాగే ప్రపంచమంతా డబ్బు వసూలు చేశారు. దాని వెనక అసలు బ్లాక్‌చైనే లేదని తర్వాత తేలింది. దాన్ని నడిపిన రూజా ఇగ్నటోవా 2017 అక్టోబరులో కనిపించకుండా పోయింది.

కరణంగారి పుస్తకం ఊరందరి దగ్గరా ఉంటే

ఇంతకీ బ్లాక్‌చైన్ అంటే? పాతరోజుల్లో ఊళ్లో ఏ పొలం ఎవరిదో కరణంగారి పుస్తకంలో ఉండేది. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ. పుస్తకం ఒక్కటే, రాసే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి దిద్దితే పొలం చేతులు మారినట్టే. అదే పుస్తకం నకలు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉందనుకోండి. కొత్త పేజీ రాసినప్పుడల్లా అందరి పుస్తకాల్లోనూ అదే పేజీ చేరుతుంది. ఒక్కరు తమ పుస్తకంలో దిద్దితే మిగతావాటితో సరిపోదు కనుక పట్టుబడిపోతారు. ఆ పేజీ పేరు బ్లాక్. పేజీలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్న ఆ పుస్తకం బ్లాక్‌చైన్.

ఈ పద్ధతితో వచ్చిన మొదటి నాణెం బిట్‌కాయిన్. సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న దాని వివరణ పత్రం వచ్చింది. 2009 జనవరిలో అది నడక మొదలుపెట్టింది. ఆ పేరు వెనక ఉన్నది ఎవరో ఈరోజుకీ తేలలేదు. మొత్తం బిట్‌కాయిన్లు ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటకుండా నియమం పెట్టారు. కంప్యూటర్లతో లెక్కల పోటీలో గెలిచి కొత్త పేజీ చేర్చినవారికి కొత్త కాయిన్లు వస్తాయి. ఇదే మైనింగ్. ఆ బహుమతి సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతుంది. దాన్ని హాల్వింగ్ అంటారు. 2024 ఏప్రిల్‌లో అది 3.125 కాయిన్లకు తగ్గింది.

ఇక్కడ పిల్లలకు తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది. పుస్తకం దిద్దలేనిదే కావచ్చు. అది ఏ కాయిన్ ఎవరి దగ్గరుందో చెబుతుంది. ఆ కాయిన్ ఎంత చేస్తుందో చెప్పదు. పైగా దిద్దలేని పుస్తకం మనకూ దిద్దలేనిదే. తప్పు అడ్రసుకు కాయిన్లు పంపితే బ్యాంకుకు వచ్చి ఫిర్యాదు రాసిచ్చినట్టు రాసిచ్చే చోటు ఉండదు.

పది పైసల కాయిన్ చవకా?

‘అమ్మా, బిట్‌కాయిన్ లక్షల్లో ఉంది కానీ ఈ కాయిన్ పైసలో వందో వంతు కూడా లేదు. రూపాయి అయితే చాలు, మనం కోటీశ్వరులం’ అని పిల్లలు అంటుంటారు. వినడానికి బాగుంటుంది. ఇక్కడ కావాల్సిన మాట మార్కెట్ క్యాప్. ఒక కాయిన్ ధరను మొత్తం కాయిన్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే అది.

షిబా ఇను అనే కాయిన్ సంగతి చూడండి. చలామణిలో ఉన్నవి సుమారు 589 లక్షల కోట్లు. ఒక్కొక్కటి రూపాయి కావాలంటే వాటన్నిటి విలువ 589 లక్షల కోట్ల రూపాయలు కావాలి. 2024-25లో మన దేశం మొత్తం ఏడాది పొడవునా ఉత్పత్తి చేసిన సరుకులు, సేవల విలువ దాదాపు 330 లక్షల కోట్లు. నూట నలభై కోట్ల మంది ఏడాది కష్టం కన్నా ఒక కుక్కబొమ్మ కాయిన్ విలువ ఎక్కువ కావాలన్నమాట. ఈ గుణకారం ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఒకసారి చేయించండి, పది ఉపన్యాసాల పెట్టు.

ఇదే పొరపాటు మ్యూచువల్ ఫండ్లలోనూ చూస్తుంటాను. కొత్త ఫండ్ యూనిట్ పది రూపాయలే, పాతది రెండొందలుంది, కాబట్టి కొత్తదే చవక అనుకుంటారు. యూనిట్ ధరను ఎన్‌ఏవీ అంటారు. మీ పదివేలకు యూనిట్లు ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా లోపల ఉన్న పెట్టుబడి పదివేలే. ఆ ఫండ్ డబ్బును ఎందులో పెడుతోంది, ఖర్చుల కింద ఎంత కోస్తోంది అన్నదే చూడాలి.

పడటం, లేవటం

వోలటిలిటీ అంటే ధర ఎంత వేగంగా ఎగిరిపడుతుందో చెప్పే మాట. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దగ్గరుంది. ఏడాది తిరిగేసరికి 16,000 కన్నా కిందికి వచ్చింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. వీడియోల్లో మొదటి అంకె, చివరి అంకె చూపిస్తారు. మధ్యలో ఆ ఏడాది పిల్ల కాలేజీ ఫీజు కట్టాల్సివచ్చిన తండ్రి గురించి చూపించరు. వంద రూపాయలు సగం పడితే యాభై. తిరిగి సగం పెరిగితే డెబ్బై ఐదే అవుతుంది, వంద కాదు. ఫలానా తేదీకి అవసరమయ్యే డబ్బును ఏ తేదీన ఎంతుంటుందో తెలియని చోట పెట్టకూడదన్న పాత నీతికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

లెవరేజ్ అనే మాట వినిపిస్తే మరింత జాగ్రత్తపడండి. వెయ్యి రూపాయలు పెట్టి, మిగతా తొమ్మిదివేలు అరువు మీద తీసుకుని పదివేల సరుకు కొనడం లాంటిదది. సరుకు ధర పది శాతం తగ్గితే మన వెయ్యీ పూర్తిగా పోతుంది. యాప్‌లో అది ‘10ఎక్స్’ అని చిన్న బటన్‌లా, ఆటలో బోనస్‌లా కనిపిస్తుంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

వాలెట్ అంటే పర్సు అనుకుంటాం. నిజానికి అందులో కాయిన్లు ఉండవు. పుస్తకంలో మన పేరు మీద ఉన్నవాటిని కదిలించే తాళంచెవి మాత్రమే ఉంటుంది. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. అది పోతే తిరిగి తెచ్చుకోవడానికి పన్నెండు లేదా ఇరవై నాలుగు మాటల వరుస ఇస్తారు. దాని పేరు సీడ్ ఫ్రేజ్. బ్యాంకు లాకరు తాళంచెవి పోతే మేం మనిషిని పిలిపించి పగలగొట్టిస్తాం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో జేమ్స్ హోవెల్స్ అనే ఆయన హార్డ్ డిస్క్ 2013లో పొరపాటున చెత్తకుప్పలోకి పోయింది. అందులో సుమారు 8,000 బిట్‌కాయిన్ల తాళంచెవి ఉంది. కుప్ప తవ్వనివ్వమని ఏళ్ల తరబడి అడిగినా అక్కడి నగరపాలక సంస్థ ఒప్పుకోలేదు.

ఆ మాటల వరుస ఎవరికి తెలిస్తే సొత్తు వాళ్లదే. ‘కస్టమర్ కేర్ నుంచి’ అంటూ అది అడిగేవాడు దొంగే. ఇంటి యజమాని ఒక్కడికే తెలిసి ఆయనకు జరగరానిది జరిగితే ఆ డబ్బు ఎవరికీ రాదు. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నట్టు దీనికి ఉండదు. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా దాచి ఉంటే ఈ వారమే భార్యకో భర్తకో చెప్పి ఉంచండి.

చాలామంది సొంత తాళంచెవి పెట్టుకోకుండా ఎక్స్ఛేంజీలోనే ఉంచేస్తారు. అంటే తాళంచెవి కంపెనీ చేతిలో ఉన్నట్టు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజీ కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది. దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌కు 2024 మార్చిలో అమెరికా కోర్టు 25 ఏళ్ల జైలుశిక్ష వేసింది. మన దేశంలో బ్యాంకు మూతపడితే డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. ఎక్స్ఛేంజీలో ఉన్న కాయిన్లకు అలాంటి బీమా లేదు.

స్టేబుల్‌కాయిన్, అద్దె ఖాతా

ఈ భాగం పై తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులు ముఖ్యంగా చదవండి. ఒక కాయిన్ ఒక డాలరుతో సమానంగా ఉండేలా నడిపేవి స్టేబుల్‌కాయిన్లు. యూఎస్‌డీటీ అందులో ఒకటి. ‘స్టేబుల్’ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదు. టెర్రా యూఎస్‌డీ అనే స్టేబుల్‌కాయిన్ 2022 మేలో డాలరు నుంచి జారి కొద్ది రోజుల్లోనే పైసలకు చేరింది. అయితే నేను బ్యాంకులో చూస్తున్న నష్టం ధర పడటం వల్ల వచ్చేది కాదు.

కిందటేడాది పంతొమ్మిదేళ్ల అబ్బాయి తల్లితో కలిసి మా కౌంటరుకు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఖాతా స్తంభించిపోయింది, సెమిస్టర్ ఫీజు అందులోనే ఉంది. మెల్లగా అడిగితే చెప్పాడు. కాలేజీలో ఒక సీనియర్ ‘యూఎస్‌డీటీ ట్రేడింగ్‌కు ఖాతాలు కావాలి, రోజుకు వెయ్యి ఇస్తాం’ అంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఖాతాకు కలిపిన సిమ్ ఇచ్చేశాడు. వేరే రాష్ట్రంలో ఎవరినో ఆన్‌లైన్‌లో మోసం చేసి లాగిన డబ్బు ఈ అబ్బాయి ఖాతాలోకి వచ్చి, అక్కణ్నుంచి క్రిప్టోగా మారి వెళ్లిపోయింది. మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసుల చేతికి దొరికిన మొదటి పేరు ఇతనిది.

‘మావాడు ఎవరినీ మోసం చేయలేదు మేడమ్. ఆ డబ్బు ముట్టుకోనుకూడా లేదు’ అన్నారా తల్లి. నిజమే అయ్యుంటుంది. కానీ ఖాతా పుస్తకంలో ఉన్నది అతని పేరు, అతని సంతకం. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం మొదలైంది. ఫీజు గడువు దాటకుండా ఆమె చేతి గాజులు తాకట్టు పెట్టి కట్టారు. ‘యూఎస్‌డీటీ అంటే ఏంట్రా? వాళ్ల వ్యాపారానికి వాళ్ల ఖాతా ఎందుకు లేదు?’ అని ఇంట్లో ఎవరో ఒకరు ముందే అడిగి ఉంటే అక్కడే తెగిపోయే విషయం అది. ఆ మాట కొత్తది కావడం వల్లే ఎవరూ అడగలేదు.

ఖాతా, కార్డు, సిమ్ ఇంకొకరికి ఇవ్వడమంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వడమే. పిల్లలకు ఈ పోలికతోనే చెప్పండి. ఇంటర్‌లోకి, ఇంజనీరింగ్‌లోకి వెళ్లే ముందే చెప్పండి. హాస్టల్‌కు పంపే రోజు సూట్‌కేసులో పెట్టే వస్తువుల జాబితాలో ఈ మాట కూడా ఉండాలి.

ప్రభుత్వం పన్ను వేస్తే అనుమతి ఇచ్చినట్టేనా?

2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు ఇవ్వొద్దంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు వచ్చాయి. అదే ఏడాది జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ మొదలైంది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. అవి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. ఇవేవీ మన పెట్టుబడికి ప్రభుత్వం ఇచ్చిన హామీలు కావు.

పన్నులో ఒక మెలిక ఉంది. ఒకే ఏడాది ఒక కాయిన్‌లో 50,000 లాభం, ఇంకో కాయిన్‌లో 50,000 నష్టం వచ్చిందనుకోండి. మన లెక్కలో చేతికి సున్నా. పన్ను లెక్కలో ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. సెస్సుతో కలిపి 15,600 రూపాయలు కట్టాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఎక్స్ఛేంజీలు సాధారణంగా ఖాతా ఇవ్వవు కనుక పిల్లలు మన పాన్, మన ఫోన్ నంబరు వాడతారు. అప్పుడు ఆ లాభనష్టాలన్నీ మన పేరు మీదే ఉంటాయి.

ఇంకో చిన్న గందరగోళం. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1 నుంచి ప్రజల్లో ప్రయోగాత్మకంగా నడుపుతున్న డిజిటల్ రూపాయి క్రిప్టో కాదు. అది నోటు లాంటి రూపాయే, దాని విలువ పెరగదు, తరగదు. ‘ప్రభుత్వ కాయిన్ వస్తోంది, ముందే కొంటే పదింతలు’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ నెల ఇంట్లో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

పిల్లలు కొత్త పెట్టుబడి మాట తెస్తే కసరకండి. ‘నాకు తెలియదు, నువ్వే చెప్పు’ అనండి. తర్వాత వరుసగా ఈ ఐదూ అడగండి.

1. ఇది నెలకు ఎన్ని రూపాయల వడ్డీ అవుతుంది?
2. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?
3. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?
4. రేపే కావాలంటే అసలు తిరిగి తీసుకోవచ్చా, ఎంత కోత పడుతుంది?
5. మోసం జరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ఐదింటికీ తెలుగులో, పక్కింటి పిన్నిగారికి అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగితే ఆ పిల్లవాడికి విషయం తెలిసినట్టు. చెప్పలేకపోతే డబ్బు పెట్టే సమయం ఇంకా రాలేదని వాడికే అర్థమవుతుంది. ఇదే కొలత పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. ఆఫీసులో స్నేహితుడు చెప్పిన ఫండ్‌కూ, బంధువులు చెప్పిన వెంచర్ ప్లాటుకూ కూడా ఇవే ప్రశ్నలు.

మోసం జరిగిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. పిల్లలకు కూడా ఈ నంబరు నేర్పండి. దాంతోపాటు, ఏం జరిగినా ముందు అమ్మానాన్నలకు చెప్పొచ్చన్న ధైర్యం ఇవ్వండి. తిడతారన్న భయంతో దాచిన ఒక్క రాత్రిలోనే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.